మూడో గొంతు: బ్లాక్ సాబత్ ‘అన్నో డొమినై’ సీడీ పెట్టె

మా బావది డియో పార్టీ, నాది ఓజీ పార్టీ. ఇద్దరూ ఇంగ్లండ్ హెవీ మెటల్ బ్యాండ్ బ్లాక్ సాబత్‌కి పాడినవాళ్ళే. ఇరవై ఏళ్ళుగా ఇదే గొడవ. పండక్కి కలిసినా, పెళ్ళిలో కలిసినా, భోజనాలయ్యాక ఓ మూల చేరి మొదలుపెడతాం. బ్లాక్ సాబత్ అంటే 1970లో వచ్చిన ఆ మొదటి రెండు ఆల్బంలే అని నేనంటాను. 1980లో రోనీ జేమ్స్ డియో వచ్చి ‘హెవెన్ అండ్ హెల్’ పాడకపోయుంటే ఆ బ్యాండ్ అక్కడితో సరి అని బావ అంటాడు. ఓజీ ఆస్బోర్న్‌ని 1979లో పంపించేశాక వాళ్ళకి దిక్కు తోచని మాట నిజమే కాబట్టి, ఆ ఒక్క విషయంలో బావకి నేను ఎదురు చెప్పను.

ఇన్నేళ్ళ వాదనలో మా ఇద్దరి నోటా రాని పేరు ఒకటుంది. టోనీ మార్టిన్. సాబత్‌కి ఐదు స్టూడియో ఆల్బంలు పాడాడు. ఓజీ తర్వాత లెక్కలో అతనే. డియో ఆ బ్యాండ్ పేరు మీద పాడినవి మూడే. అయినా మార్టిన్ మాకు లెక్కలో లేడు. నిజం చెప్పాలంటే సరిగ్గా వినలేదు కూడా. వినడానికి దొరికితేగా! ఆ ఆల్బంలు ఏళ్ళ తరబడి మార్కెట్లో లేవు. ఎవరో కాపీ చేసిచ్చిన అరిగిపోయిన క్యాసెట్‌లో ‘హెడ్‌లెస్ క్రాస్’ ఒక్కటి విన్నాను, అదీ ఒక వైపే.

2024 మే నెలాఖరులో అతను పాడిన నాలుగు ఆల్బంలని కలిపి ‘అన్నో డొమినై 1989–1995’ అని ఒక పెట్టెగా తెచ్చారు. హెడ్‌లెస్ క్రాస్ (1989), టిర్ (1990), క్రాస్ పర్పసెస్ (1994), ఫర్బిడెన్ (1995). బావ కూతురు బర్మింగ్‌హాంలో చదువుకుంటోంది. సెలవులకొస్తూ, “మావయ్యా, నీకు ఏం తేవాలి?” అంటే ఇదే అడిగాను. ఎల్పీ రికార్డుల పెట్టె కూడా ఉంది కానీ పిల్ల సూట్‌కేసులో అంత బరువు ఎందుకని సీడీలే చాలన్నాను. పైగా సీడీల్లో మూడు పాటలు ఎక్కువ.

పెట్టెలో నాలుగు సీడీలు, ఫొటోలూ వ్యాసాలూ ఉన్న ఒక పుస్తకం, హెడ్‌లెస్ క్రాస్ పోస్టరు, ఆ ఆల్బం టూర్‌లో అమ్మిన పుస్తకానికి నకలు ఉన్నాయి. పోస్టరు జోలికి వెళ్ళలేదు. టూర్ పుస్తకం మాత్రం రెండు రాత్రులు తిరగేశాను. అందులో కోజీ పావెల్ డ్రమ్స్ వెనక కూర్చున్న తీరు చూస్తే ఆ ఆల్బం మొదటి దెబ్బ ఎందుకలా పడుతుందో తెలిసిపోతుంది.

ఆ దెబ్బ గురించే ముందు చెప్పాలి. సీడీ పెట్టగానే ఒక నిమిషం పాటు గాలి, ఏవో మూలుగులు. తర్వాత డ్రమ్స్ ఒక్కటే, తొందర లేకుండా, ఒక్కో దెబ్బా ఎత్తి వేసినట్టు. నేను డ్యూటీ అంతా రోలింగ్ మిల్లులో ఇనుము మధ్య తిరిగే మనిషిని. బరువు కిందకి దిగితే నేల ఎలా పలుకుతుందో నా కాళ్ళకి తెలుసు. ఇది ఆ పలుకు. దాని మీదకి సాబత్ గిటారిస్టు టోనీ అయోమీ గిటార్ వస్తుంది. పదిహేడేళ్ళ వయసులో రేకుల ఫ్యాక్టరీలో మిషన్ కింద కుడిచేతి రెండు వేళ్ళ చివర్లు తెగిపోయిన మనిషి. ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కే వేళ్ళు అవే. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకుని, వాటికి తోలు అంటించుకుని మళ్ళీ వాయించాడు. గాయకులు ఎంతమంది మారినా సాబత్ ఆల్బం ప్రతిదాంట్లోనూ ఉన్నవాడు అతనొక్కడే. మా వాదనల్లో ఇదీ మర్చిపోతుంటాం.

ఇక గొంతు. మార్టిన్‌ని కొట్టిపారేసేవాళ్ళు అనేది ఒకటే మాట: డియోకి నకలు. హెడ్‌లెస్ క్రాస్ టైటిల్ పాట ఒక్కటే వింటే అలా అనిపించొచ్చు. ఎత్తులో పాడతాడు, పాట చివరికొచ్చేసరికి ఇంకా పైకి వెళ్తాడు. ఇంగ్లండ్‌లో రెడిచ్ దగ్గర హెడ్‌లెస్ క్రాస్ అనే ఊరు నిజంగానే ఉంది, పాటలో ఉన్నది ఆ ఊరికి వచ్చిన ప్లేగు. డియోకి కూడా ఇలాంటి కథలంటే ఇష్టం కాబట్టి పోలిక సులువు. కానీ అదే సీడీలో ‘వెన్ డెత్ కాల్స్’ వినండి. అది విన్నాక ఆ మాట అనలేరు.

ఆ పాట దాదాపు ఏడు నిమిషాలు. మొదట చప్పుడే ఉండదు. కింద మెల్లగా బాస్, దాని మీద మార్టిన్ గొంతు, పక్కన కూర్చుని చెబుతున్నట్టు. ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతుంది హెడ్‌ఫోన్స్‌లో. తర్వాత బరువైన రిఫ్, అంటే మళ్ళీ మళ్ళీ తిరిగొచ్చే గిటార్ వరస, పడుతుంది, గొంతు లేస్తుంది, కానీ పూర్తిగా విడిచిపెట్టడు. చివరి భాగంలో వేగం మారి పరుగు మొదలయ్యాక గానీ తెలీదు అప్పటిదాకా ఎంత దాచుకున్నాడో. అక్కడ గిటార్ సోలో వాయించింది క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయన్ మే. అది తెలియకుండా విన్నా, ఈ గిటార్ అయోమీది కాదని చెవి పట్టేస్తుంది.

దీన్ని బావకి వినిపించాను. సంక్రాంతికి వచ్చినప్పుడు డాబా మీద, ఎవరు పాడారో చెప్పే పెట్టాను. వద్దంటూనే హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. పాట అయ్యేదాకా మాట్లాడలేదు.

“డియో అయితే ఆ మొదట్లోనే గొంతెత్తేవాడురా,” అన్నాడు. “ఇతను ఆగాడు.”

“మరి నకలంటావేం?”

“అనను. ఇంకోసారి పెట్టు.”

నేను చెప్పదలుచుకున్నది ఇదే. డియో ప్రతి మాటనీ వేదిక మీద నిలబడి ప్రకటిస్తాడు, ఆ ఠీవి ఇంకెవరికీ రాదు. ఓజీ గొంతులో భయం ఉంది, రిఫ్‌ని అంటిపెట్టుకుని తను కూడా భయపడుతూ పాడతాడు. మార్టిన్ ఈ రెండూ కాదు. అతనిది పాటగాడి గొంతు. శ్రుతి ఎక్కడా జారదు, పైకి వెళ్ళినప్పుడు పలచబడదు, పాటకి ఎంత కావాలో అంతే ఇస్తాడు. మనకి ఘంటసాలా బాలూ అని వాదించుకునేటప్పుడు మధ్యలో వి. రామకృష్ణ పేరు జారిపోతుంది చూడండి, అలాంటి అన్యాయమే ఇక్కడా జరిగింది. ‘అచ్చం ఫలానావాళ్ళలా ఉంది’ అన్నాక ఆ గొంతుని దాని కోసం వినేవాళ్ళు తగ్గిపోతారు.

మార్టిన్‌కి అన్యాయం ఇంకో వైపు నుంచీ జరిగింది. టిర్ తర్వాత అతన్ని పక్కన పెట్టి డియోని మళ్ళీ తెచ్చుకున్నారు, 1992లో ‘డీహ్యూమనైజర్’ వచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో కాలిఫోర్నియాలోని కోస్టా మెసాలో ఓజీ రిటైర్మెంట్ కచేరీలు. వాటికి ముందు సాబత్ వాయించాలన్నారు. ఓజీకి ముందు నేను పాడేదేంటని డియో ఒప్పుకోలేదు. ఆ రెండు రాత్రులూ జూడాస్ ప్రీస్ట్ బ్యాండ్ గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్ వచ్చి పాడాడు. డియో వెళ్ళిపోయాడు, మళ్ళీ మార్టిన్‌కి కబురు. 1995 ఫర్బిడెన్ అయ్యాక, 1997లో ఓజీ తిరిగొచ్చాడు, మార్టిన్ కథ అక్కడికి ఆఖరు. ఆబోతుల మధ్య లేగదూడ నలిగినట్టు నలిగాడు. పాటల పేర్లకి కూడా ఆ పోటీ తగిలింది: హెడ్‌లెస్ క్రాస్‌లోని ‘కాల్ ఆఫ్ ది వైల్డ్’కి మొదట పెట్టిన పేరు ‘హీరో’. అదే పేరుతో ఓజీ సొంత ఆల్బంలో పాట వచ్చిందని మార్చారు.

మా మేనకోడలు బర్మింగ్‌హాం బ్రాడ్ స్ట్రీట్‌లో ఉన్న బ్లాక్ సాబత్ బ్రిడ్జి దగ్గరికి వెళ్ళి ఫొటో పంపింది. 2025 జులై 22న ఓజీ పోయిన వారం అది. బెంచీ కనపడకుండా పూలు. ఆ బెంచీ మీద నాలుగు మొహాలుంటాయి: ఓజీ, అయోమీ, గీజర్ బట్లర్, బిల్ వార్డ్. ఆ ఫొటో చూసి నేను ఏడ్చాను, దాచుకోవాల్సిన పనిలేదు. ఆ నలుగురే మొదలుపెట్టారు, వాళ్ళ బెంచీ వాళ్ళది. కానీ మార్టిన్‌ది కూడా బర్మింగ్‌హామే. అదే ఊరివాడు, అదే బ్యాండ్‌కి ఐదు ఆల్బంలు పాడినవాడు. అతని పనికి ఆనవాలు అంటూ మిగిలింది నా చేతిలో ఉన్న ఈ పెట్టే.

మిగతా సీడీల సంగతి. టిర్ నాకు కొంచెం కష్టమైంది. మూడు పాటలు నార్స్ (పాత స్కాండినేవియా) దేవుళ్ళ మీద, వల్హల్లా, ఓడిన్ అంటూ. కీబోర్డులు ఎక్కువ. కానీ ‘అన్నో ముండై’లో బృందగానంతో మొదలై గిటార్‌లోకి మారే చోటు, ‘ది సాబత్ స్టోన్స్’ మొత్తం చాలా గొప్పగా ఉన్నాయి. ‘ఫీల్స్ గుడ్ టు మీ’ రేడియో కోసం చేసిన పాట, దాటేసినా ఏం పోదు.

క్రాస్ పర్పసెస్ ఈ పెట్టెలో నాకు అన్నిటికంటే దగ్గరైంది. గీజర్ బట్లర్ తిరిగొచ్చి బాస్ పట్టాడు, ఆ తేడా మొదటి పాట ‘ఐ విట్నెస్’లోనే కడుపులో తగులుతుంది. ‘క్రాస్ ఆఫ్ థార్న్స్’ నైట్ షిఫ్ట్ నుంచి వచ్చాక వింటున్నాను రోజూ. మెల్లగా మొదలై పల్లవిలో బరువెక్కే పాట. పల్లవి మొదటిసారి వచ్చినప్పుడు మార్టిన్ కోపంగా పాడతాడు, చివరికొచ్చేసరికి అవే మాటలు బతిమాలుతున్నట్టు ఉంటాయి. స్వరం అదే, మాటలు అవే, మనిషే మారతాడు.

ఫర్బిడెన్ మీద ఇన్నేళ్ళూ అందరూ దుమ్మెత్తి పోశారు. బాడీ కౌంట్ బ్యాండ్ గిటారిస్టు ఎర్నీ సి ప్రొడ్యూస్ చేశాడు, మొదటి పాటలో ర్యాపర్ ఐస్-టి వచ్చి కొన్ని మాటలు చెబుతాడు, సాబత్ అభిమానులకి అది మింగుడు పడలేదు. ఈ పెట్టె కోసం అయోమీ దాన్ని కొత్తగా మిక్స్ చేశాడు. పాతది ఒకసారి విన్నాను, డ్రమ్స్ అట్టపెట్టె మీద కొట్టినట్టుండేవి. ఇప్పుడు కోజీ పావెల్ కోజీలా వినిపిస్తున్నాడు, గిటార్ ముందుకొచ్చింది. 1998లో కారు ప్రమాదంలో పోయిన ఆ డ్రమ్మర్‌కి ఇది జరగాల్సిన న్యాయం. ‘కిస్ ఆఫ్ డెత్’, ‘రస్టీ ఏంజెల్స్’ బాగున్నాయి. ‘గెట్ ఎ గ్రిప్’ని మాత్రం మిక్స్ మార్చినా కాపాడలేకపోయారు. పాటే బలహీనం.

పెట్టెలో లోటు గురించీ చెప్పాలి. మార్టిన్ మొదటి ఆల్బం ‘ది ఎటర్నల్ ఐడల్’ (1987) ఇందులో లేదు. అంతకుముందు గాయకుడు రే గిల్లెన్ పాడేసి వెళ్ళిపోయిన ఆల్బంలో మళ్ళీ మొత్తం పాడి నిలబెట్టిన పని అది. అది లేకపోతే కథ రెండో అధ్యాయం నుంచి మొదలైనట్టే. కచేరీ రికార్డింగు ఒక్కటీ లేదు. వేదిక మీద ఓజీ, డియో పాటలు కూడా అతనే పాడాలి కదా, అవెలా పాడాడో విందామంటే ఈ పెట్టెలో దొరకదు. ఎక్కువ ఇచ్చిన మూడు పాటల్లో ‘క్లోక్ అండ్ డాగర్’ ఒక్కటే రెండోసారి పెట్టుకున్నాను.

కొనాలా వద్దా అంటే, ఓజీ పార్టీ వాళ్ళు క్రాస్ పర్పసెస్‌తో మొదలుపెట్టండి, గీజర్ బాస్ మీకు పాత ఇల్లు గుర్తుచేస్తుంది. డియో పార్టీ అయితే హెడ్‌లెస్ క్రాస్ పెట్టి నేరుగా ‘వెన్ డెత్ కాల్స్’కి వెళ్ళండి, హెడ్‌ఫోన్స్‌లో, రాత్రి పూట. టిర్‌కి రెండు మూడు సార్లు సమయమివ్వండి. ఫర్బిడెన్ ఆఖర్న. ఎటర్నల్ ఐడల్ విడిగా వెతికి కొనుక్కోవాల్సిందే, నేనూ ఇప్పుడు అదే పనిలో ఉన్నాను. బావ కూడా అడిగాడు, రెండు కాపీలు చూడమన్నాడు.