ఆరేళ్ళు, పది కోర్సులు: కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ గురించి నా అనుభవం

మాది కాకినాడ, బీకామ్ అక్కడే చేశాను. 2018లో హెచ్4 వీసా (హెచ్1బీ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చేది) మీద శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా వచ్చాక ఏడాది ఇంట్లో ఖాళీగా కూర్చున్నా, తర్వాత ఇంటికి దగ్గర్లో ఉన్న కమ్యూనిటీ కాలేజీలో (డిగ్రీ మొదటి రెండేళ్ళ చదువు చెప్పే ప్రభుత్వ కాలేజీ) చేరాను. అప్పట్నుంచి మధ్యలో పాప పుట్టినప్పుడు ఆపిన రెండు టర్ములు తప్పిస్తే కోర్సులు తీసుకుంటూనే ఉన్నా. మ్యాథ్స్‌లో రెండు, మీడియాలో రెండు, సముద్రం మీద రెండు, బిజినెస్‌లో నాలుగు, మొత్తం పది కోర్సులు అయ్యాయి. ఈ కాలేజీలు ఎలా ఉంటాయని మన ఆడవాళ్ళు చాలామంది అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నా.

ముందు డబ్బు సంగతి. హెచ్4 వాళ్ళు చదువుకోడానికి ఎఫ్1కి (స్టూడెంట్ వీసాకి) మారక్కర్లేదు, పార్ట్ టైమ్ అయినా పర్లేదు. టర్మ్ మొదలయ్యే ముందురోజుకి కాలిఫోర్నియాలో ఏడాది పైన ఉన్నట్టు కాగితాలు (లీజు, డ్రైవింగ్ లైసెన్స్, టాక్స్ రిటర్న్) చూపిస్తే రెసిడెంట్ ఫీజే, సెమిస్టర్ కాలేజీల్లో యూనిట్‌కి 46 డాలర్లు, అంటే మూడు యూనిట్ల కోర్సు 138. హెల్త్ ఫీజు, పార్కింగ్ వేరే. ఏడాది నిండకుండా చేరితే మాత్రం నాన్ రెసిడెంట్ ఫీజు దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది, ఒక టర్మ్ ఆగితే పోయేదానికి తొందరపడొద్దు. ఫెడరల్ ఎయిడ్ (కేంద్ర ప్రభుత్వం చదువుకిచ్చే సాయం) మనకి రాదు.

మ్యాథ్స్‌లో నేను భయపడింది ప్లేస్‌మెంట్ టెస్టు గురించి (ఏ స్థాయి కోర్సులో కూర్చోబెట్టాలో చూసే పరీక్ష), అదేమీ లేదు. 2017లో వచ్చిన ఏబీ 705 అనే చట్టం వల్ల పాత బేసిక్ కోర్సులన్నీ చేయించకుండా నేరుగా స్టాటిస్టిక్స్‌లో కూర్చోనిచ్చారు, పక్కన వారానికి రెండు గంటల సపోర్ట్ క్లాసు కూడా ఇచ్చారు. బీకామ్‌లో స్టాండర్డ్ డీవియేషన్ లెక్క నిద్రలో లేపినా చేసేదాన్ని గానీ అది దేనికో ఎవరూ చెప్పలేదు, ఇక్కడ సార్ మొదటి రోజే ఒక సర్వే ఇచ్చి ఇందులో తప్పెక్కడుందో చెప్పండి అన్నారు. నాకు నోట మాట రాలేదు. టర్మ్ చివరికి మాత్రం ఏ వార్తలో పర్సంటేజీ కనిపించినా ఎంతమందిని అడిగారు, ఎవర్ని అడిగారు అని చూడటం అలవాటైపోయింది. టీఐ-84 క్యాలిక్యులేటర్ కొనకండి, మా లైబ్రరీలో టర్మ్ మొత్తానికి ఇచ్చారు, మీ దగ్గరా అడగండి. ట్యూటరింగ్ సెంటర్ ఫ్రీ. ఆఫీస్ అవర్స్‌కి (క్లాసు బయట సార్ డౌట్లు చెప్పే టైము) తప్పకుండా వెళ్ళండి, మనకి సార్ గదికి వెళ్ళాలంటే ఏదో తప్పు చేసినట్టు ఉంటుంది, ఇక్కడ వాళ్ళు మనకోసమే కూర్చుంటారు.

ఇక సముద్రం. దీని కోసమే ఈ రివ్యూ రాస్తున్నా అనుకోండి. సైన్స్ ల్యాబ్ ఒకటి కావాలి కాబట్టి ఓషనోగ్రఫీ తీసుకున్నా, అంతే. పుట్టినప్పట్నుంచి సముద్రం పక్కన పెరిగినా, అమావాస్యకి పౌర్ణమికి పోటు ఎక్కువుంటుందని అమ్మమ్మ చెప్పడం తప్ప నాకేం తెలీదు. ఇక్కడ సముద్రం జూలైలో కూడా ఐసు నీళ్ళలా ఎందుకుంటుందో ఆ క్లాసులో తెలిసింది, ఉత్తరం గాలి తీరం వెంబడి వీస్తుంటే భూమి తిరగడం వల్ల పైనీళ్ళు తీరం నుంచి దూరంగా సముద్రం లోపలికి జరిగిపోయి అడుగునుంచి చల్లనీళ్ళు పైకొస్తాయి, వాటితోపాటు పోషకాలూ వస్తాయి కాబట్టి చేపలెక్కువ. విశాఖ తీరంలో కూడా వేసవిలో ఇదే జరుగుతుందట, అక్కడ మాత్రం నైరుతి గాలికి. 1950ల మొదట్లో శాన్‌డియాగో నుంచి లాఫాండ్ అనే శాస్త్రవేత్త వాల్తేరు వెళ్ళి ఆంధ్రా యూనివర్సిటీ వాళ్ళతో కలిసి బంగాళాఖాతం మీద పని చేశారని చదివినప్పుడు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఫైనల్ ప్రెజెంటేషన్ మా హోప్ ఐలాండ్ మీద ఇచ్చాను, గోదావరి తెచ్చిన ఇసుక దిబ్బలా పెరిగి కాకినాడ రేవుకి అలలు తగలకుండా ఎలా అడ్డుగా నిలబడిందో మ్యాప్ పెట్టి చూపించా. చిన్నప్పుడు పడవలో వెళ్ళిన చోటది.

తర్వాత మెరైన్ బయాలజీ. మొదటిసారి రిజిస్టర్ చేస్తే చాలినంతమంది లేరని వారం ముందు క్లాసు తీసేశారు, ఏడాది ఆగాల్సొచ్చింది, చాలా బాధేసింది. దొరికాక మే నెలలో తెల్లారి ఐదున్నరకి మాస్ బీచ్‌లోని ఫిట్జెరాల్డ్ మెరైన్ రిజర్వ్‌కి రమ్మన్నారు. ఇక్కడ రోజుకి రెండు ఆటుపోట్లూ ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి బాగా దిగిపోతుంది, అప్పుడే రాళ్ళ మధ్య మడుగులు బయటపడతాయి. వంకాయ రంగు సముద్ర నక్షత్రం, ముట్టుకుంటే ముడుచుకుపోయే, పువ్వుల్లా ఉండే అనిమోన్లనే జీవులు, గవ్వలో దూరి నడిచే పీతలు. 2013 నుంచి ఒక జబ్బు వచ్చి ఈ తీరంలో నక్షత్రాలు కోట్లలో చచ్చిపోయాయని టీచర్ చెప్తుంటే చూసిన ఒక్కొక్కదాన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నా. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి, అయినా అక్కణ్ణుంచి తిరిగి రావాలనిపించలేదు.

మీడియా కోర్సులు పర్వాలేదు. వీడియో ప్రొడక్షన్‌లో కెమెరా, మైకు, లైట్లు కాలేజీవే ఇంటికిస్తారు, అది పెద్ద ప్లస్సు. సగంలో కోవిడ్ వచ్చి ఫోన్లతో తీయాల్సొచ్చింది కాబట్టి నాకు పూర్తిగా అందలేదు. సాయంత్రం సెక్షన్ ఒక్కటే ఉంటుంది, ముందే పట్టుకోండి.

బిజినెస్‌లో లా కోర్సు బంగారం. ఆఫర్, యాక్సెప్టెన్స్, కన్సిడరేషన్ అని చెప్తుంటే 1872 నాటి మన కాంట్రాక్ట్ యాక్ట్ మళ్ళీ చదువుతున్నట్టే ఉంది, రెండిటి వేరూ ఇంగ్లండ్ చట్టమే కదా. అకౌంటింగ్‌లో డెబిట్ క్రెడిట్ అవే, బ్యాలెన్స్ షీట్ మాత్రం మన టెక్స్ట్‌బుక్‌లో లయబిలిటీస్ ఎడమ పక్కన ఉండేవి, ఇక్కడ ముందు అసెట్స్, అందులోనూ మొదట క్యాష్. మేనేజ్‌మెంట్ కోర్సు ఆన్‌లైన్‌లో తీసుకుని తప్పు చేశా. వారానికో పోస్టు రాయడం, ఇంకో ఇద్దరి పోస్టులకి రిప్లై ఇవ్వడం, వీడియోలు పాతవి, పైగా ఆన్‌లైన్ పుస్తకం తెరిచే యాక్సెస్ కోడ్‌కే కోర్సు ఫీజంత అయింది. రిజిస్టర్ చేసేటప్పుడు జీరో టెక్స్ట్‌బుక్ కాస్ట్ అని గుర్తు వేసి ఉన్న సెక్షన్లు వెతుక్కోండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, ట్రాన్స్‌ఫర్ (ఇక్కణ్ణుంచి యూనివర్సిటీకి మారడం) ఆలోచన ఉంటే కౌన్సిలర్ మాట ఒక్కటే నమ్మి కోర్సు తీసుకోకండి. నాకు ఒకరు పనికొస్తుందని చెప్పిన కోర్సు నేను అనుకున్న మేజర్‌కి పనికిరాలేదు, ఒక టర్మ్ పోయింది. అసిస్ట్ డాట్ ఓఆర్జీలో మీ కాలేజీ, వెళ్ళాలనుకునే యూనివర్సిటీ పెట్టి ఏ కోర్సు అక్కడ చెల్లుతుందో మీరే చూసుకోండి. 2025 ఫాల్‌ నుంచి కొత్తగా చేరేవాళ్ళకి ట్రాన్స్‌ఫర్‌కి చేయాల్సిన జనరల్ కోర్సుల లిస్టు మారింది, పాత ఐజెట్సీ పోయి కాల్‌జెట్సీ వచ్చింది, పాత లిస్టులు చూసి ప్లాన్ వేయకండి. క్లాసు నిండిపోయిందంటే వెయిట్‌లిస్ట్‌లో పేరు పెట్టి మొదటి రోజు వెళ్ళి కూర్చోండి, చాలామంది మొదటి రెండు వారాల్లో మానేస్తారు, టీచర్ క్లాసులో చేరడానికి యాడ్ కోడ్ ఇస్తారు. నా ఓషనోగ్రఫీ అలా దొరికిందే.

నేనిప్పుడు రెండో అకౌంటింగ్ తీసుకుంటున్నా, దాంతోపాటు కోస్టల్ ఎకాలజీ వెయిట్‌లిస్ట్‌లో మూడో నంబరులో ఉన్నా. హెచ్4 రెసిడెన్సీ కాగితాల గురించి అడగాలనుకుంటే అడగండి, నాకు తెలిసినంత చెప్తా.