ఏడేళ్ళు వాడిన సీఓ అలారం: అంకె కనిపించేదే కొనండి

బొగ్గో గ్యాసో సరిగ్గా మండనప్పుడు వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ (సీఓ)ని పసిగట్టే మా అలారం గత వారం నుంచి అర నిమిషానికోసారి కీచుమంటోంది. బ్యాటరీ మార్చినా ఆగలేదు. ఏడేళ్ళ గడువు అయిపోయిందట. మళ్ళీ అదే రకం కొన్నాను.

2018లో న్యూజెర్సీలో ఇల్లు కొన్నప్పుడు దీన్ని బెడ్‌రూమ్‌ల బయట ప్లగ్‌కి పెట్టాను. కరెంటు పోతే బ్యాటరీ మీద నడుస్తుంది. బేస్‌మెంట్‌లో ఇల్లు వెచ్చబరిచే గ్యాస్ ఫర్నేస్ ఉంది, నా భయమంతా దాని గురించే. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, వికారం వస్తే జలుబు చేసిందనుకుంటాం. నిద్రలో అయితే అదీ తెలియదు.

రెండో చలికాలంలో మా పాప పుట్టింది. పురిటికి సాయంగా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చారు. పాపకు స్నానం చేయించాక బొగ్గులు రాజేసి సాంబ్రాణి వేసేవారు. బయట మైనస్ పది. చంటిపిల్లకి చలిగాలి తగలకూడదని కిటికీలు బిగించి, తలుపు దగ్గరగా వేసేవారు. ఒకరోజు హాల్లోంచి వెళ్తుంటే, ఎప్పుడూ సున్నా ఉండే అలారం తెర మీద 58 కనిపించింది.

అలారం మాత్రం మోగలేదు. ఆ అంకె పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళ గాలిలో ఎన్ని పాళ్ళు సీఓ ఉందో చెప్పే లెక్క. అమెరికాలో ఈ అలారాలు 70 పీపీఎం దగ్గర మోగడానికి కనీసం గంట, ఒక్కోసారి నాలుగు గంటలు తీసుకుంటాయి. 400 ఉంటేనే 4 నుంచి 15 నిమిషాల్లో మోగుతాయి. తెర లేని అలారం కొని ఉంటే ఆ రోజు నాకేమీ తెలిసేది కాదు.

తలుపు తీస్తే పాప నిద్రలో ఉంది, అత్తయ్యగారు తల పట్టుకుని కూర్చున్నారు. అందరం బయటికి వచ్చేసి 911కి ఫోన్ చేశాం. ఫైర్ వాళ్ళు మీటర్‌తో ఇల్లంతా చూశారు. ఫర్నేస్ బాగానే ఉంది, కారణం బొగ్గులే. పాపకీ అత్తయ్యగారికీ ఏమీ కాలేదు.

"కుంపటి పెట్టుకునే పిల్లల్ని పెంచాం బాబూ, ఏనాడూ ఏమీ కాలేదు" అని ఆవిడ చాలా బాధపడ్డారు. వాళ్ళది పెంకుటిల్లు, సందుల్లోంచి గాలి ఆడుతూనే ఉంటుంది. ఇక్కడ ఇల్లు వెచ్చగా ఉండాలని చీమ దూరే సందు కూడా లేకుండా కడతారు. అందులో ఆవిడ తప్పేముంది?

ఈ అలారంలో లోపాలూ ఉన్నాయి. టెస్ట్ బటన్ నొక్కితే మోత పనిచేస్తోందని తెలుస్తుందే తప్ప సెన్సర్ సంగతి తెలియదు. నా దాంట్లో 30 లోపు ఎంతున్నా సున్నాయే చూపిస్తుంది. అందుకే ఏటా చలికి ముందు ఫర్నేస్ చెక్ చేయిస్తాను. 2005 జనవరిలో మసాచుసెట్స్‌లో ఒక ఇంటి పొగ గొట్టాన్ని మంచు మూసేసి, సీఓ లోపలే నిండి ఏడేళ్ళ పాప చనిపోయింది. ఆ తర్వాతే అక్కడ ఇళ్ళలో ఈ అలారం తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చారు. అది చదివిన దగ్గర్నుంచి మంచు పడితే డ్రైవ్‌వే సంగతి తర్వాత, ముందు గోడ పక్క గొట్టాల చుట్టూ పార పట్టుకుంటాను.

ఈసారి బ్యాటరీతోనే నడిచేది ఇంకొకటి కొన్నాను. అత్తయ్యగారి బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంది, వచ్చే నెల తెనాలి వెళ్ళినప్పుడు వాళ్ళింట్లో పెట్టి వస్తాను.