ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్: డాబా మీద నుంచి ఎంత దూరం చూడొచ్చు?

ఆండ్రోమెడా గెలాక్సీ ఇందులో రంగుల్లో కనపడదు. కొనేముందు తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే. ఐపీస్‌లో కన్ను పెడితే మధ్యలో కాస్త చిక్కగా, అంచులకు పోయేకొద్దీ పల్చబడుతూ, ఊదితే చెదిరిపోయే పొగలాంటి బూడిదరంగు మరక కనిపిస్తుంది. ఫొటోలు చూసి ఆశపడి కొన్నవాళ్లు మొదటి రాత్రే నిరాశపడి, టెలిస్కోప్‌ను మంచం కిందికి తోసేది ఇక్కడే. అయితే ఆ మరకలో లక్ష కోట్ల దాకా నక్షత్రాలున్నాయి. ఆ వెలుగు 25 లక్షల ఏళ్ల కిందట, మనిషి ఇంకా మనిషి కాకముందు బయలుదేరి, దారిలో ఎక్కడా ఆగకుండా నేరుగా మీ కంట్లో వచ్చి పడింది. ఆ ముక్క తెలిసి చూసేవాళ్లకు ఇంతకంటే మంచి వస్తువు ఈ ధరలో లేదు.

ఎనిమిది అంగుళాలంటే అద్దం వ్యాసం, 203 మిల్లీమీటర్లు. ఫోకల్ లెంగ్త్, అంటే అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి ఉన్న దూరం, ఎక్కువ కంపెనీల్లో 1200 మి.మీ. దగ్గరే ఉంటుంది. చీకటికి బాగా అలవాటుపడిన కంటిపాప 7 మి.మీ. తెరుచుకుంటుందనుకుంటే, ఈ అద్దం దానికి 800 రెట్లకు పైగా వెలుగును పోగుచేస్తుంది. టెలిస్కోప్ చేసే అసలు పని ఇదే. పెద్దగా చూపించడం రెండో పని. చిన్న టెలిస్కోపుల పెట్టెల మీద 500 రెట్లు, 600 రెట్లు అని అచ్చువేసే అంకెల్ని అసలు లెక్కలోకి తీసుకోవద్దు. మన వాతావరణంలో మంచి రాత్రి కూడా 200, 250 రెట్లు దాటితే బొమ్మ పెద్దదవుతుంది కానీ స్పష్టత పెరగదు.

ఈ రకం టెలిస్కోప్‌కు పేరిచ్చిన జాన్ డాబ్సన్ 1944లో శాన్ ఫ్రాన్సిస్కోలోని వేదాంత సొసైటీలో చేరిన సన్యాసి. ఓడ కిటికీల గాజును అరగదీసి అద్దాలు చేసుకున్నాడు, అట్టగొట్టాలు ట్యూబులయ్యాయి, ప్లైవుడ్ స్టాండయింది. 1967లో మఠం నుంచి బయటికి వచ్చాక వాటిని రోడ్ల పక్కన పెట్టి, దారిన పోయేవాళ్లను ఆపి చంద్రుణ్నీ శనినీ చూపించాడు. విశ్వం అందరిదీ అయినప్పుడు చూసే హక్కూ అందరిదే అన్న నమ్మకం ఈ డిజైన్‌లోనే ఉంది. మోటారు లేదు, బ్యాటరీ లేదు, యాప్ లేదు. ఫిరంగిలా పైకీ కిందికీ, తిరగలిలా చుట్టూ, చేత్తోనే తిప్పాలి.

పెట్టెలో ట్యూబు, బేస్ విడివిడిగా వస్తాయి. రెండూ కలిపి ఇరవై కిలోలు దాటతాయి కాబట్టి మేడమెట్లు ఎక్కించాలంటే రెండుసార్లు తిరగాలి. లిఫ్టు లేని మూడో అంతస్తు మీద డాబా అయితే కొనేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. మోయడానికి బద్ధకించిన టెలిస్కోప్ ఏమీ చూపించదు. బేస్ పార్టికల్ బోర్డుతో చేస్తారు, గంటలో బిగించుకోవచ్చు. స్క్రూలను బలంగా బిగిస్తే బోర్డు లోపల పొడిపొడి అయి పట్టు పోతుంది. అన్నిటినీ ముందు వదులుగా తొడిగి, చివర్లో ఒక్కో పావు చుట్టు తిప్పుతూ బిగించాలి. లామినేషన్ లేని అంచు ఎక్కడున్నా వార్నిష్ రెండు పూతలు వేయండి. ఒక్క వానాకాలం తేమ చాలు, బోర్డు ఉబ్బి బేస్ గీరుకోవడం మొదలవుతుంది.

ఇక కొలిమేషన్, అంటే అద్దాలను ఒక వరసలోకి తేవడం. ఈ టెలిస్కోప్ మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. అడుగున పెద్ద అద్దం, పైన ఏటవాలుగా చిన్న అద్దం, ఐపీస్, ఈ మూడూ ఒకే వరసలో ఉండాలి. లారీలో కుదుపులు తిన్నాక ఆ వరస తప్పే ఇంటికొస్తుంది. పగటిపూట, ట్యూబును కాస్త ఏటవాలుగా పెట్టి సరిచేసుకోవాలి. నిలువుగా పెడితే చేజారిన అలెన్ కీ నేరుగా పెద్ద అద్దం మీద పడుతుంది. ముందు ఫోకసర్‌లోంచి (ఐపీస్ బిగించే గొట్టం) చూస్తూ చిన్న అద్దం గుండ్రంగా, నడిమధ్యలో కనపడేట్టు చేయాలి. తర్వాత దాని మూడు చిన్న స్క్రూలతో పెద్ద అద్దం మొత్తం అందులో కనపడేలా తిప్పాలి. చివరగా ట్యూబు అడుగున స్ప్రింగులున్న మూడు మరలు తిప్పి, పెద్ద అద్దం మధ్యలో అంటించిన చిన్న రింగు గుర్తును కొలిమేటర్ (ఈ వరస చూసుకునే సాధనం) మధ్యకు తేవాలి. అక్కడే ఇంకో మూడు లాకింగ్ స్క్రూలుంటాయి. సరిచేయడం అయిపోయిందని వాటిని గట్టిగా బిగిస్తే అప్పటిదాకా చేసిందంతా జరిగిపోతుంది. వేలితో తాకీతాకనట్టు బిగిస్తే చాలు.

చవక లేజర్ కొలిమేటర్‌ను నమ్మేముందు దాన్నే పరీక్షించండి. ఫోకసర్‌లో పెట్టి మెల్లగా గుండ్రంగా తిప్పినప్పుడు అద్దం మీద ఎర్రచుక్క కదలకుండా ఉంటే లేజర్ మంచిదే. చుక్క కూడా గుండ్రంగా తిరుగుతుంటే తప్పు లేజర్‌లో ఉంది, అద్దాల జోలికి పోవద్దు. దానికంటే చెషైర్ ఐపీస్ (చిన్న కన్నంలోంచి చూసి వరస సరిచేసుకునే కొలిమేటర్) మేలు. బ్యాటరీ అక్కర్లేదు, దానంతటది చెడిపోయేదీ కాదు.

వేడి సంగతి మన ఊళ్లలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. చలిదేశాల్లో రాసిన మాన్యువల్స్ అద్దం చల్లబడేదాకా ముప్పావుగంట ఆగమంటాయి. ఆ మాట ఇక్కడా నిజమే. కానీ ఏసీ గదిలోంచి విశాఖ, కాకినాడ లాంటి చోట ఉక్కపోత గాలిలోకి తెస్తే కథ తిరగబడుతుంది. చల్లటి అద్దం మీద క్షణాల్లో చెమ్మ పడుతుంది. బట్టతో తుడిచారా, పల్చటి అల్యూమినియం పూత మీద గీతలు శాశ్వతంగా ఉండిపోతాయి. మూత పెట్టి వదిలేస్తే దానంతటదే ఆరుతుంది. అసలు ఏసీ గదిలో పెట్టకపోవడమే మంచిది. వాడనప్పుడు ట్యూబు రెండు మూతలూ వేసి లోపల సిలికా జెల్ సంచులు పెట్టండి. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో పూత త్వరగా మాసిపోతుంది. దుమ్ము కొద్దిగా ఉంటే వదిలేయండి, బొమ్మకు నష్టమేమీ లేదు.

రోజంతా ఎండ తాగిన సిమెంటు డాబా రాత్రి పదింటి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. గురుడి మీద గీతలు నీళ్లలో చూసినట్టు అల్లల్లాడుతుంటే టెలిస్కోప్‌ను తిట్టొద్దు. అర్ధరాత్రి దాటాక చూడండి, లేదా మట్టినేల మీద, గడ్డి మీద పెట్టండి.

మొదట చంద్రుడు. 3,84,400 కిలోమీటర్ల దూరం, కాంతికి సెకనున్నర కూడా పట్టదు. పౌర్ణమి నాడు కాదు, సప్తమి, అష్టమి రోజుల్లో చూడాలి. వెలుగూ చీకటీ కలిసే గీత వెంట గుంతల అంచుల నీడలు కత్తితో కోసినట్టుంటాయి. తర్వాత శని. పెట్టెతో వచ్చే 25 మి.మీ. ఐపీస్‌తో 48 రెట్లు, 10 మి.మీ.తో 120 రెట్లు. 48 రెట్లలోనే వలయం విడిగా తెలుస్తుంది. 120లో పెట్టి చేయి తీసేయండి. రెండు నిమిషాల్లోపే శని ఒక అంచు నుంచి మరో అంచుకు జారిపోతుంది. కదిలేది శని కాదు, మీరూ డాబా ఊరూ కలిసి భూమితో తిరుగుతున్నారు. మోటారున్న టెలిస్కోపులు ఈ కదలికను దాచేస్తాయి. మోటారు లేకపోవడాన్ని లోపంగా రాసేవాళ్లున్నారు. పిల్లలకు చూపించేటప్పుడు మాత్రం ఇదే దీని గొప్ప గుణం.

మే నెల రాత్రుల్లో దక్షిణం వైపు అడ్డులేని చోటు దొరికితే ఆల్ఫా సెంటారీని వదలొద్దు. సూర్యుడి తర్వాత మనకు దగ్గరి నక్షత్ర కుటుంబం అదే, 4.3 కాంతి సంవత్సరాలు. హైదరాబాద్ నుంచి దిగంతం మీద 12 డిగ్రీల ఎత్తుకే వస్తుంది. ఐరోపా వాళ్లకు అదీ లేదు. 120 రెట్లలో ఒక్క చుక్క రెండు చుక్కలుగా విడిపోతుంది. దగ్గర అన్న మాటకు అర్థం కావాలంటే నాసా వ్యోమనౌక వాయేజర్‌-1ను తలుచుకోవాలి. 1977లో బయలుదేరింది, మనిషి చేసిన వస్తువుల్లో అన్నిటికంటే దూరం పోయింది. ఇన్నేళ్లకు అది చేరిన దూరం దాదాపు ఒక కాంతి దినం, అంటే వెలుగు ఒక్క రోజులో పోయేంత. ఈ నక్షత్రం వైపే అదే వేగంతో వెళ్తుందనుకున్నా చేరడానికి డెబ్బై వేల ఏళ్లు దాటుతుంది. ఐపీస్‌లో ఆ రెండు చుక్కల మధ్య కనిపించే సన్నటి నల్లటి సందు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి.

ఏప్రిల్, మే నెలల్లోనే ఒమేగా సెంటారీ అనే నక్షత్రాల గుంపు. హైదరాబాద్‌లో 25 డిగ్రీలు, తిరుపతిలో 29 డిగ్రీల ఎత్తు. ఊరి దీపాల మధ్య మసక ఉండలా ఉంటుంది. ఊరు దాటి చీకట్లోకి వెళ్తే ఎనిమిది అంగుళాల అద్దంలో ఆ ఉండ విచ్చుకుని, చాట మీద పోసిన నూకల్లా చుక్కలు చుక్కలుగా రాలుతుంది. దాదాపు కోటి నక్షత్రాలు, 17 వేల కాంతి సంవత్సరాల దూరం. మన అక్షాంశానికి ప్రకృతి ఇచ్చిన వరం ఇది.

ఆండ్రోమెడాకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సమయం. ఉత్తరాన శర్మిష్ఠ (కాసియోపియా) రాశి ఐదు చుక్కల్లో లోతుగా ఉన్న కోణం మొన చూపించే దిక్కున వెతకాలి. ఆ మరక మన పాలపుంతలోదా, బయటిదా అని పండితులు వాదించుకుంటున్న రోజుల్లో, 1923లో ఖగోళ శాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్ అందులో వెలుగు మారే ఒక నక్షత్రాన్ని పట్టుకుని దూరం లెక్కగట్టే దారి చూపాడు. మన సూర్యుడు పాలపుంత కేంద్రానికి 26 వేల కాంతి సంవత్సరాల దూరాన, ఏ ప్రత్యేకతా లేని ఒక చోట ఉన్నాడు. మన పాలపుంత లాంటి ఊళ్లు బయట ఇంకా ఎన్నో ఉన్నాయని మనిషికి ఖాయంగా తెలిసి నూరేళ్లే అయింది.

ఈ టెలిస్కోప్ సత్తా తేల్చే వస్తువు ఇంకొకటుంది. కన్యారాశిలో 3సీ 273 అనే క్వేసార్, అంటే దూరపు గెలాక్సీ నడిబొడ్డున పెద్ద కృష్ణబిలం చుట్టూ వెలిగే వెలుగు. ప్రకాశ పరిమాణం 12.9 (ఈ అంకె పెరిగేకొద్దీ చుక్క మసక). ఊళ్లో దొరకదు. అమావాస్య దగ్గర, నిజమైన చీకట్లో, అచ్చువేసిన చార్టు పక్కన పెట్టుకుని, ఎర్రలైటు వెలుగులో చుక్క వెంట చుక్క లెక్కపెట్టుకుంటూ పోవాలి. దొరికాక కనిపించేది ఒక మామూలు చిన్న చుక్క. దాని కాంతి బయలుదేరి సుమారు 200 కోట్ల ఏళ్లు. హైదరాబాద్ గ్రానైట్ బండలకు దాదాపు 250 కోట్ల ఏళ్లు. అంటే గోల్కొండ కింది రాళ్లు అప్పటికే గట్టిపడి ఉన్నాయి, వాటి మీద నడిచే ప్రాణి మాత్రం ఒక్కటీ లేదు. మనం అంత ఆలస్యంగా వచ్చినవాళ్లం. అయినా ఆ కాంతిని అందుకుని, ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసుకోగలిగాం.

ఎనిమిది అంగుళాలు చిన్నదనిపిస్తే బేగంపేట నిజామియా అబ్జర్వేటరీని గుర్తుచేసుకోండి. ప్రపంచ దేశాలు పంచుకుని చేసిన ఆకాశ పటం పనిలో హైదరాబాద్ తన వంతు ఫొటోలు తీసింది ఎనిమిది అంగుళాల కెమెరా టెలిస్కోప్‌తోనే.

లోపాలూ ఉన్నాయి. వెంటవచ్చే 10 మి.మీ. ఐపీస్ చాలా కంపెనీల్లో నాసిరకం. దాని బదులు మంచిది కొనుక్కుని, గ్రహాలకు 6 మి.మీ. ఒకటి చేర్చుకోండి. బరువైన ఐపీస్ పెడితే ట్యూబు ముక్కు కిందికి వాలుతుంది. పక్కల బిగింపు పెంచాలి, లేదా వెనక ఇనుప భాగానికి అయస్కాంతం బరువు తగిలించాలి. ఫైండర్‌ను (ట్యూబు మీద గురి చూసుకునే చిన్న సాధనం) పగలే కిలోమీటరు పైగా దూరంలోని సెల్ టవర్ కొసకు కలిపి పెట్టుకోకపోతే రాత్రంతా వెతుకులాటే. ఎక్కువసేపు తెరిచి ఉంచి తీసే ఫొటోలకు ఇది పనికిరాదు. ఫోన్‌తో చంద్రుడి దాకా సరే.

ఫోన్‌కు బొమ్మ పంపే స్మార్ట్ టెలిస్కోపులతో పోల్చి అడుగుతున్నారు. నగరం నడిబొడ్డున, వీధిదీపాల కింద గెలాక్సీల రంగులూ ఆకారాలూ చూడాలంటే అవే నయం, ఇందులో సందేహం లేదు. అవి నిమిషాల తరబడి వెలుగును పోగేసి తెర మీద బొమ్మ కడతాయి. ఇందులో మధ్యవర్తి లేడు, ఆ పాత వెలుగే వచ్చి కంటిని తాకుతుంది. విశ్వం ఎంత పెద్దదో ఒంటికి తెలియాలంటే మా ఓటు దీనికే.

ధర అన్నీ కలుపుకుంటే అర లక్ష రూపాయలు దాటుతుంది. అంత పెట్టలేకపోతే ఆరు అంగుళాల డాబ్సోనియన్ తీసుకోండి, ఊగిపోయే ముక్కాలి పీట మీద వచ్చేవి వద్దు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులే కాబట్టి ఆ నెలల్లో కొని మూలన పెట్టుకోవద్దు, దసరా వెళ్లాక కొనండి.

పిల్లలున్న ఇళ్లకు ఒక్క మాట. సూర్యుడి వైపు తిప్పాలంటే ట్యూబు ముందు నోటికి పూర్తిగా కప్పే సోలార్ ఫిల్టర్ గట్టిగా బిగించి ఉండాలి, ఫైండర్‌కు మూత వేసి ఉండాలి. ఐపీస్‌కు తగిలించే చిన్న నల్ల ఫిల్టర్ వేడికి పగిలిపోతుంది, కన్ను ఆ క్షణంలోనే పోతుంది. అలాంటిది పెట్టెలో వస్తే ఎవరి చేతికీ అందకుండా ముక్కలు చేసి పారేయండి. పగలు వాడనప్పుడు ట్యూబుకు మూత తీయనే వద్దు.