జాతీయాల దగ్గర చెయ్యిచ్చే డిక్షనరీ యాప్ (5కి 2 స్టార్లు)

ఎనిమిది నెలలుగా ఈ ఇంగ్లిష్-తెలుగు డిక్షనరీ యాప్‌ను రోజూ వాడుతున్నాను. అనువాదమే నా పని. మామూలు మాటలకు దీన్ని నమ్మొచ్చు. నెట్ లేకపోయినా పనిచేస్తుంది, ఉచ్చారణ స్పష్టంగా వినిపిస్తుంది. జాతీయాల దగ్గరకొచ్చేసరికి మాత్రం చెయ్యిస్తుంది.

పోయిన నెల ఒక సమ్మె ప్రకటన అనువాదానికి వచ్చింది. కార్మికులకూ యాజమాన్యానికీ మధ్య గొడవ జరుగుతుంటే బయటివాళ్లు లాభపడాలని చూస్తున్నారని చెప్పడానికి అందులో 'ఫిషింగ్ ఇన్ ట్రబుల్డ్ వాటర్స్' అన్నారు. నాతో పనిచేసే అమ్మాయి యాప్‌లో వెతికి, వచ్చింది వచ్చినట్టు పెట్టేసింది: 'సమస్యాత్మక జలాల్లో చేపలు పట్టుట'. రాత్రి ప్రూఫ్ చూస్తూ ఆ లైను దగ్గర ఆగిపోయాను. ఉద్యోగం ఉంటుందో పోతుందో అన్న టెన్షన్‌లో ఉన్న మనిషి చదవాల్సిన కాగితం అది. జలాలేమిటి, చేపలేమిటి అనుకోడూ?

తప్పు ఆ అమ్మాయిది కాదు. ఇక్కడ ట్రబుల్డ్ అంటే సమస్య కాదు, కలకబారిన అని. నీళ్లు తేటగా ఉంటే చేపకు వల కనబడుతుంది, బురద లేస్తే కనబడదు. ఈ పోలిక చాలా పాతది. క్రీ.పూ. 424లో ఏథెన్స్‌లో ఆడిన, గ్రీకు హాస్య నాటకకర్త అరిస్టోఫేనీస్ నాటకం 'నైట్స్' (Knights)లో ఒక పాత్ర నాయకుణ్ణి ఇలాగే నిలదీస్తుంది: చెరువు కదలకుండా ఉంటే ఈల్ చేపలు పట్టేవాళ్లకు ఏమీ దొరకదు, బురదను కిందా మీదా కెలికితేనే దొరుకుతాయి, నువ్వూ ఊరిని కలచివేసే సంపాదిస్తున్నావు అని. అంటే నీళ్లు కలకబారేదాకా కాచుకునేవాడూ ఇందులోకి వస్తాడు, తనే దిగి కెలికేవాడూ వస్తాడు. యాప్‌లో దీని గురించి ఒక్క ముక్క లేదు.

దగ్గరి సామెతలంటూ కింద మూడు ఇచ్చారు. 'ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు' అనేది ఎదుటివాడి ఏడుపు పట్టని మొద్దుతనం గురించి. 'సందట్లో సడేమియా' హడావుడిలో దూరి పని కానిచ్చుకునేవాడికి సరిపోతుంది. 'శవాల మీద పేలాలు ఏరుకోవడం' అర్థంలో అన్నిటికంటే దగ్గర, కానీ అది తిట్టు. అసలే సమ్మె, ఆ మాట కాగితం మీద పెడితే మంట ఇంకా ఎగదోసినట్టే. ఏది ఎంత ఘాటో చెప్పకుండా మూడూ ఒకే వరసలో పెడితే కొత్తవాళ్లు దేన్ని ఎంచుకోవాలి?

ప్రకటన పంపినవాళ్లకే ఫోన్ చేశాను. ఆ బయటివాళ్లు గొడవ పెట్టారంటున్నారా, పెరిగేదాకా చూస్తున్నారంటున్నారా అని అడిగాను. చూస్తున్నారనే, అన్నారు. 'ఈ గొడవలో తమ పబ్బం గడుపుకోవాలని చూస్తున్న బయటివాళ్లు' అని మార్చాను. ఊళ్లో ఎవరైనా అనే మాట అది. యాప్‌లో వెతికితే ఆ జాతీయానికి ఎదురుగా కనబడలేదు.

ఇదంతా రాసి, యాప్‌లోనే ఉన్న ఫీడ్‌బ్యాక్‌లో పంపాను. మూడు వారాలైంది, 'సమస్యాత్మక జలాలు' అలాగే ఉన్నాయి. రెండు స్టార్లూ ఉచ్చారణకే. జాతీయాల భాగం తెలుగు బాగా వచ్చిన మనిషి చేత తిరగరాయించిన రోజున వచ్చి రేటింగ్ మారుస్తాను.