రక్తపిశాచి ప్రేమకథకు రెండో భాగం: ఎడబాటు మేలా, ఎదురుబదురు వైరం మేలా?

మొదటి భాగం చివర ప్రేమికులిద్దరూ ఒకరికొకరు దక్కారంటే రెండో భాగం రాయబోయే రచయితకు పెద్ద చిక్కే. కట్టిన ముడిని మళ్లీ విప్పితే తప్ప కథ కదలదు. దానికి ఎక్కువమంది ఎంచుకునే దారులు రెండు. ఒకటి, ఇద్దరిలో ఒకరిని దూరం పంపడం. రెండోది, ఇద్దరినీ ఒకే కప్పు కింద ఉంచి, క్షమించడానికి వీల్లేని పని ఒకటి వాళ్ల మధ్య పెట్టడం. రక్తపిశాచి ప్రేమకథలు చదివేవాళ్లు రెండో భాగం గురించి ఎంత వాదించుకున్నా, వాళ్ల మాటలు చివరికి ఈ రెండింటి దగ్గరికే వస్తాయి.

ఈ రెండు దారులకూ చెరొక నవల తీసుకుంటాను. ఎడబాటుకు, ‘ట్వైలైట్’కు రెండో భాగంగా స్టెఫనీ మేయర్ 2006లో తెచ్చిన ‘న్యూ మూన్’. వైరానికి కారిస్సా బ్రాడ్‌బెంట్ 2023లో తెచ్చిన ‘ది యాషెస్ అండ్ ది స్టార్-కర్స్‌డ్ కింగ్’. కథల్లోని మలుపులు చెప్పకుండా ఈ పోలిక సాగదు. వాటిని చదవాలనుకుంటున్నవాళ్లు ముందు నవలలు చదివి రావడం మంచిది.

ఈ తరహా కథలో పాత్రలు రక్తపిశాచులు కావడం వట్టి అలంకారం కాదు. 1819లో పొలిడోరి రాసిన కథలోనూ, 1897 నాటి ‘డ్రాక్యులా’లోనూ మెడ మీదికి వంగే పెదవులు ప్రాణం తీయడానికే వంగేవి. తర్వాతి కాలపు ప్రేమకథలు ఆ వంగడాన్ని అలాగే ఉంచుకుని, దాని అర్థాన్ని మాత్రం మార్చాయి. చంపగలిగినవాడు చంపడని నమ్మి మెడ చాచడమే ఇక్కడ ప్రేమకు గుర్తు. అందుకే ఈ కథల్లో నమ్మకం మామూలు ప్రేమకథల్లోకన్నా బరువైనది. రెండో భాగం ఆ నమ్మకాన్ని ఎంత గట్టిగా పరీక్షించింది అన్నదే నా కొలత.

మనిషి అమ్మాయి బెల్లా, రక్తపిశాచి ఎడ్వర్డ్ ‘న్యూ మూన్’లోని జంట. అక్కడ పరీక్ష ఒక్క రక్తపు బొట్టుతో మొదలవుతుంది. పద్దెనిమిదో పుట్టినరోజున కానుక విప్పుతూ బెల్లా కాగితంతో వేలు కోసుకుంటుంది. ఎడ్వర్డ్ కుటుంబంలోనే ఒకడు తట్టుకోలేక ఆమె మీదికి దూకుతాడు. తాను దగ్గరుంటే ఆమెకు ముప్పు తప్పదని ఎడ్వర్డ్ నిశ్చయించుకుంటాడు. నువ్వు నాకు అక్కర్లేదని అబద్ధం చెప్పి వెళ్లిపోతాడు. ఆ తర్వాతి పుటల్లో కథ లేదు. అక్టోబర్, నవంబర్, డిసెంబర్, జనవరి అని నెలల పేర్లే ఉంటాయి, మిగతాదంతా తెల్ల కాగితం. ఆ ఖాళీని కొందరు పాఠకులు మాటలు దొరకని రచయిత తప్పించుకోవడంగా చూశారు. నాకు మాత్రం ఆ నవల మొత్తంలో అంతకన్నా నిజాయితీ ఉన్న చోటు కనిపించలేదు. మనిషి వెళ్లిపోయాక గడిచే నెలల్లో చెప్పుకోదగ్గది నిజంగానే ఏమీ ఉండదు.

ఆ ఖాళీ తర్వాత వచ్చే భాగం మీదే పాఠకులు రెండుగా చీలారు. కథానాయకుడు నవలలో చాలా భాగం కనబడడు. అతని గొంతు చెవిలో వినబడుతుందని బెల్లా కావాలనే ప్రమాదాల్లోకి వెళ్తుంది, మోటారు సైకిలు ఎక్కుతుంది, కొండ అంచు నుంచి సముద్రంలోకి దూకుతుంది. ప్రేమ పేరుతో ఒక అమ్మాయి తనను తాను ఇలా పాడుచేసుకోవడం గొప్పగా కనిపిస్తోందని కొందరు కోపగించుకున్నారు. ఆ కోపంలో న్యాయం ఉంది. ఆ ఖాళీలోకి బెల్లా స్నేహితుడు జేకబ్ వచ్చాడు, నెమ్మదిగా నవ్వించాడు, బతికించాడు. ఎడ్వర్డ్ పక్షం, జేకబ్ పక్షం అని పాఠకలోకం విడిపోవడానికి బీజం అక్కడే పడింది. దూరం పంపిన పాత్ర చోటును మరొకరు నింపేస్తారు, ఆ వచ్చినవాడే కొందరికి ఎక్కువ నచ్చుతాడు. ఎడబాటు దారిలో రచయితకు ఎదురయ్యే మొదటి ప్రమాదం ఇదే.

దానికన్నా పెద్ద లోపం మరొకటుంది. ఎడ్వర్డ్ చేసింది తప్పే అయినా దాని అడుగున ఉన్నది ప్రేమే. బెల్లా చనిపోయిందని పొరబడి అతను ప్రాణం వదులుకోవడానికి, రక్తపిశాచుల పాలకులుండే ఇటలీలోని వోల్టెర్రాకు వెళ్తాడు. ఆమె పరుగున వెళ్లి ఆపుతుంది. ఇంటికి చేరాక అబద్ధం చెప్పానని అతను ఒప్పుకోవడంతో నెలల శూన్యం ఒక్క సంభాషణలో పూడిపోతుంది. అక్కడ కావలసింది వివరణే, క్షమాపణ కాదు. నమ్మకం నిజంగా విరగలేదు, విరిగిందని బెల్లా అనుకుంది, అంతే.

బ్రాడ్‌బెంట్ నవలలో అలా సర్దుకునే వీలే లేదు. 2022లో వచ్చిన మొదటి భాగం, ‘ది సర్పెంట్ అండ్ ది వింగ్స్ ఆఫ్ నైట్’, చివర ఏం జరిగిందో ఒకసారి చూద్దాం. రక్తపిశాచుల రాజు విన్సెంట్ పెంచుకున్న మనిషి బిడ్డ ఒరాయా. ప్రాణాంతకమైన పోటీలో రైన్ అనే రక్తపిశాచి ఆమెకు తోడవుతాడు, ప్రేమికుడవుతాడు, చివరికి ఆమె గెలవడం కోసం ఆమె చేతిలోనే చనిపోతాడు. గెలిచినందుకు దేవత ఇచ్చిన వరాన్ని ఆమె అతన్ని బతికించమని అడగడానికే ఖర్చుపెడుతుంది. బతికి లేచిన రైన్ ఆమె కళ్లముందే విన్సెంట్‌ను చంపి సింహాసనం తీసుకుంటాడు. అంటే తండ్రిని చంపిన చేతికి ప్రాణం పోసింది ఆమే. రెండో భాగం తెరిచేసరికి ఆమె అతని భార్య, అతని కోటలో బందీ.

మన ఆలంకారికులు విప్రలంభ శృంగారాన్ని, అంటే ప్రేమికులు కలవలేని స్థితిని, విభజించినప్పుడు ప్రవాసం వేరు, మానం వేరు అన్నారు. ప్రియుడు దూరాన ఉన్నందువల్ల కలిగే బాధ ప్రవాసం. దగ్గరే ఉన్నా మనసు ఇవ్వలేకపోవడం మానం. ‘న్యూ మూన్’ ప్రవాసపు లెక్కలోకి చక్కగా వస్తుంది. ఒరాయా కథ మానం దగ్గర మొదలై దాన్ని దాటిపోతుంది. అలిగిన నాయిక పాదాల మీద పడితే అలక తీరవచ్చు. తండ్రిని చంపినవాడు పాదాల మీద పడితే ఏం తీరుతుంది? ఈ ప్రశ్నను ఆ నవల పక్కకు తోయలేదు. అందుకే నా మొగ్గు అటువైపు.

విన్సెంట్ మామూలు దుర్మార్గుడైతే పని సులువయ్యేది. అతను ఒరాయాను పెంచాడు, కత్తి పట్టడం నేర్పాడు, తనకు తెలిసిన పద్ధతిలో ప్రేమించాడు. జీవితమంతా ఆమెకు అబద్ధమూ చెప్పాడు. ఆమె పెంపుడు కూతురు కాదు, కన్నకూతురే. ఆ సంగతి అతను పోయాక బయటపడుతుంది. చనిపోయిన తండ్రి గొంతు ఆమె తలలో వినబడుతూనే ఉంటుంది, ఆమె దానితో వాదిస్తూనే ఉంటుంది. ఎడ్వర్డ్ గొంతు వినడానికి బెల్లా కొండ అంచుకు వెళ్లాలి. ఒరాయా ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు, ఆ గొంతే ఆమెను వదలదు. రైన్‌ను క్షమించాలంటే ముందు తండ్రిని పూర్తిగా చూడాలి. పూర్తిగా చూస్తే తాను ఇన్నాళ్లూ దుఃఖించిన మనిషే మారిపోతాడు. ప్రేమకథ రెండో భాగం తండ్రీకూతుళ్ల కథగా మారిందని నొచ్చుకున్న పాఠకులు ఉన్నారు. ఆ తండ్రి లేకపోతే ఈ ప్రేమకు బరువెక్కడిది?

అయినా పాఠకుల ఫిర్యాదులను కొట్టిపారేయలేను. ఎక్కువగా వినిపించేది, మొదట్లో కథ నడవడం లేదని. మొదటి భాగంలో రెండు కత్తులతో పెద్ద పెద్దవాళ్లను పడగొట్టిన అమ్మాయి ఇప్పుడు గదిలో కూర్చుని ఉంటుంది. దుఃఖంలో మనిషి అలాగే ఉంటుందని నేను అంటాను. కానీ విసుగుకు మూలం దుఃఖం కాదని రెండోసారి చదివినప్పుడు నాకు తోచింది. మొదటి భాగమంతా ఒరాయా గొంతులోనే నడిచింది. రెండో భాగంలో రచయిత్రి రైన్‌కు కూడా అధ్యాయాలు ఇచ్చింది. అతని అధ్యాయం ఒకటి చదవగానే అతను ఆమెను ప్రేమిస్తున్నాడనీ, చేసినదానికి నలిగిపోతున్నాడనీ మనకు తెలిసిపోతుంది. మనం అతన్ని క్షమించేస్తాం, ఒరాయాకు ఇంకా ఏమీ తెలియదు. ఇక ఆమె అనుమానించిన ప్రతిసారీ మనకు ఆలస్యంలా అనిపిస్తుంది. మనకు ముందే తెలిసిన దాని దగ్గరికి ఆమె నడిచి రావడాన్ని చూస్తూ నిలబడలేక, కథ నెమ్మదిగా ఉందంటున్నాం.

మరి రైన్ గొంతు తీసేస్తే బాగుండేదా? ఈ విషయంలో నా మనసు ఒకవైపే నిలవదు. రక్తపిశాచి కథల్లో అవతలివాడి మాట వినాలన్న ఆకలి పాతదే. రచయిత్రి ఆన్ రైస్ 1976లో లూయీ అనే రక్తపిశాచి చేత కథ చెప్పించి, 1985లో అతన్ని రక్తపిశాచిగా మార్చిన లెస్టాట్ చేత అదే సంబంధాన్ని మరో వైపు నుంచి చెప్పించింది. మేయర్ కూడా మొదటి నవలను ఎడ్వర్డ్ వైపు నుంచి తిరిగి రాసి 2020లో విడుదల చేసింది. రైన్ అధ్యాయాలు చదివే సుఖాన్ని కాదనను. ఆ అధ్యాయాలు లేకపోతే తండ్రిని చంపినవాణ్ణి పాఠకులు చివరిదాకా సహించేవారో లేదో. కాకపోతే అతని గొంతు మొదటి మూడో వంతు దాటాక వచ్చి ఉంటే, ఒరాయాతోపాటు మనమూ కొంతకాలం అతన్ని అనుమానించేవాళ్లం. ఆ అనుమానం మనకు దక్కలేదు.

రాజ్యాల పొత్తులు, ద్రోహాలు, సైన్యాల రాకపోకలు ఆ నవలలో బలహీనమైన భాగం. పేర్లు కుప్పపడతాయి, ప్రేమికులిద్దరి మధ్య నడవాల్సిన మాటకు అవి అడ్డొస్తాయి. ఒరాయా తొందరగా క్షమించిందని కొందరు, ఆలస్యం చేసిందని కొందరు అన్నారు. నాకు వేళ సరైనదనే అనిపించింది. ఒరాయా రైన్‌ను నిర్దోషి అనుకుని దగ్గరకు రాలేదు, చేసింది తెలిసే వచ్చింది.

ఎడబాటూ వైరమూ రెండూ లేని దారి కూడా ఉంది. జంటను కలిపే ఉంచి, పెళ్లి చేసి, ముప్పును బయటి నుంచి తేవడం. ‘ట్వైలైట్’ వరుసలో నాలుగోదిగా 2008 ఆగస్టు 2న వచ్చిన ‘బ్రేకింగ్ డాన్’ ఇదే చేసింది. అమెరికాలో మొదటి రోజే 13 లక్షల ప్రతులు అమ్ముడైన ఆ పుస్తకాన్ని వెనక్కి ఇచ్చేద్దామని కొందరు అభిమానులే పిలుపునిచ్చారు. ఇరుపక్షాల సేనలూ మంచులో ఎదురెదురుగా నిలబడతాయి, యుద్ధం జరగకుండానే వెనుదిరుగుతాయి. ఎవరూ ఏమీ పోగొట్టుకోని ముగింపు చాలామందికి రుచించలేదు.

ఎవరికి ఏది మేలంటే, విడిపోయిన బాధ పచ్చిగా ఉన్నవాళ్లకూ పదిహేను, పదహారేళ్ల వయసువాళ్లకూ ‘న్యూ మూన్’ ఇప్పటికీ తగిన పుస్తకమే, బెల్లా చేసే ప్రమాదకరమైన పనుల గురించి పక్కనుండి మాట్లాడే పెద్దవాళ్లు ఉంటే. బ్రాడ్‌బెంట్ నవల పెద్దవాళ్లది. అందులో రక్తమూ శృంగారమూ దాపరికం లేకుండా ఉంటాయి, వెనకటి హింసల జ్ఞాపకాలూ ఉంటాయి. రెండు దారుల్లో నా ఓటు రెండోదానికి. చదవబోయేవాళ్లకు ఒక్క సలహా: రైన్ మొదటి అధ్యాయం రాగానే అతని పక్షం చేరిపోకుండా, ఒరాయా గదిలో ఇంకొంతసేపు కూర్చోండి.