టెక్సస్‌లో ఇల్లు కొంటున్నారా? హెచ్ఓఏ లీన్‌తో జాగ్రత్త

డాలస్ చుట్టుపక్కల ఇల్లు చూస్తున్నవాళ్లు ఇది చదివాకే సంతకం పెట్టండి. ఇప్పుడే లాయర్ ఆఫీసుకి డబ్బు కట్టాను, ఒళ్లు మండిపోతోంది.

మా కమ్యూనిటీ హెచ్ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఫీజు వసూలు చేసే మేనేజ్‌మెంట్ కంపెనీ మారింది, పాత పోర్టల్‌తో పాటే నా ఆటోపే ఆగిపోయింది. కొత్తవాళ్లు ఒక్క ఈమెయిల్ పెట్టలేదు. 650 డాలర్ల బకాయిని నేరుగా లాయర్‌కి అప్పజెప్పేశారు. ఉత్తరంలో పైన బకాయి, దాని కింద అంతకు దాదాపు రెట్టింపు లాయర్ ఫీజు, ఆ కింద మా ఇంటి అడ్రసు, పక్కనే లీన్ (బకాయి కింద ఇంటి మీద పెట్టే హక్కు) అన్న మాట.

వెంటనే ఆ లాయర్ ఆఫీసుకి ఫోన్ చేశాను. లాయర్ ఫీజు వేసే ముందు సర్టిఫైడ్ మెయిల్లో నోటీసు పంపి 45 రోజులు గడువివ్వాలి కదా, ఆ రసీదు చూపించమన్నాను. "మా ఫైల్లో ఉంది" అంది ఫోనెత్తినావిడ. కాపీ పంపమంటే పంపదు. వాయిదాల్లో కడతానంటే కుదరదంది. 14 కంటే ఎక్కువ లాట్లు (ఇళ్ల స్థలాలు) ఉన్న అసోసియేషన్ వాయిదాల పద్ధతి పెట్టాలని టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 209వ చాప్టర్లో ఉందని చెబుతుంటే మధ్యలోనే ఆపి, "మీకు ఇల్లు కావాలా, వద్దా?" అని అడిగింది. రక్తం ధారపోసి కొనుక్కున్న ఇంటి గురించి, ఏదో సబ్‌స్క్రిప్షన్ రద్దు చేస్తున్నట్టు! రీఫైనాన్స్ (పాత ఇంటి లోన్ బదులు కొత్త లోన్) క్లోజింగ్ దగ్గర పడింది, లీన్ ఉంటే అది ముందుకు కదలదు. అందుకే మొత్తం కట్టాను.

మనవాళ్లు చాలామంది హోమ్‌స్టెడ్ (మనం ఉంటున్న సొంతిల్లు ఇదేనన్న దరఖాస్తు) ఫైల్ చేశాం, ఇంక ఇంటి జోలికి ఎవరూ రారనుకుంటారు. ఆ దరఖాస్తు పన్ను తగ్గింపు కోసం. టెక్సస్ రాజ్యాంగం క్రెడిట్ కార్డు అప్పులవాళ్ల నుంచి ఇంటిని కాపాడుతుంది కానీ హెచ్ఓఏ బకాయి నుంచి కాదు. మనం కొనకముందే రికార్డయిన డిక్లరేషన్లో (కమ్యూనిటీ నియమాల పత్రంలో) లీన్ ఉంటే హోమ్‌స్టెడ్ హక్కు దాన్ని ఆపలేదని టెక్సస్ సుప్రీంకోర్టు 1987లోనే తీర్పిచ్చింది. ఫ్రిస్కోలో 2009లో, ఇరాక్ డ్యూటీలో ఉన్న సైనికుడి 3 లక్షల డాలర్ల ఇల్లు సుమారు 800 డాలర్ల బకాయికి వేలానికి వెళ్లి 3,500కి అమ్ముడైంది. పాపం, కోర్టుకెక్కితే గానీ అది తిరిగి రాలేదు.

ఒట్టి జరిమానాల కోసమైతే ఇంటిని వేలం వేయకూడదు. వేలం అయిపోయినా, ఆ సంగతి నోటీసు పంపిన రోజు నుంచి 180 రోజుల్లోపు డబ్బు కట్టి విడిపించుకోవచ్చు. పాత ఇల్లు కొంటుంటే రీసేల్ సర్టిఫికెట్ (ఆ ఇంటి మీద బకాయిలేమైనా ఉన్నాయేమో చెప్పే హెచ్ఓఏ పత్రం) అడగండి, డిక్లరేషన్లో లీన్ గురించి రాసిన పేజీ చదవండి. మేనేజ్‌మెంట్ మారిందని తెలిసిన రోజే కొత్తవాళ్లకి మీ అడ్రసు రాసి పంపి, కాపీ దగ్గర పెట్టుకోండి.