దవడ కోసం ఎక్స్‌రే తీయిస్తే లెక్కలో లేని పన్ను బయటపడింది

మా అబ్బాయికి ఎనిమిదిన్నరేళ్ళు. దసరా సెలవుల్లో సైకిల్ మీంచి పడి గడ్డం కొట్టుకున్నాడు. మర్నాటికి నోరు తెరవడమే కష్టమైంది. ఎముక చిట్లిందేమోనని డాక్టరు ఓపీజీ (రెండు దవడలూ పళ్ళూ మొత్తం ఒకే బొమ్మలో పడే ఎక్స్‌రే) రాస్తే విజయవాడలో ఈ ఎక్స్‌రే సెంటరుకి తీసుకొచ్చాను.

మెషీన్ చూసి వాడు బెదిరిపోయాడు. తీసే అబ్బాయి విసుక్కోలేదు. ముందు ఖాళీగా ఒకసారి తిప్పి చూపించి, "నీ చుట్టూ తిరుగుతుంది నాన్నా, నిన్ను తాకదు" అన్నాడు. గడ్డం ఆనించి, ప్లాస్టిక్ ముక్క కొరికించి, పావు నిమిషంలో తీసేశాడు.

కాసేపటికి రిపోర్టు రాసే మేడమ్ లోపలికి పిలిచారు. "దవడకేం కాలేదమ్మా. ఇది చూడండి" అని స్క్రీన్ మీద పెన్సిల్ మొన పెట్టారు. పైవరసలో ఎడమ ముందుపన్ను ఇంకా ఎముకలోనే ఉంది. దానికి అడ్డంగా, నట్టనడుమ, చిన్న మొన. అదీ తలకిందులుగా, ముక్కు వైపు తిరిగి! ఇలా ముందుపళ్ళ నడుమ వచ్చే అదనపు పన్నుని మీసియోడెన్స్ అంటారట. అదనపు పళ్ళలో ఎక్కువగా కనబడేది ఇదేనట, ఆడపిల్లల్లో కంటే మగపిల్లల్లో ఎక్కువట.

నాకు కడుపు మండిపోయింది. కుడి పన్ను వచ్చి ఏడాది దాటింది. రెండోది రాలేదేమని ఇంకోచోట రెండుసార్లు అడిగితే "కొందరికి ఆలస్యంలెండి" అని పంపేశారు. ఒక పన్ను వచ్చి ఆరు నెలలు దాటినా దాని జంటపన్ను రాకపోతే ఎక్స్‌రే తీసి చూడాలని ఈ మేడమ్ చెబితేనే తెలిసింది. మా అత్తయ్యగారైతే పన్ను మీద పన్ను అదృష్టమన్నారు. ఇది పన్ను మీద పన్ను కాదు, వచ్చే పన్నుకి అడ్డుపడ్డ పన్ను.

ఈ సెంటరు మీద నాకు గురి కుదిరింది మాత్రం ఆ తర్వాతి మాటకి. త్రీడీ స్కాన్ ఇప్పుడే తీసేయమన్నాను. "పన్ను తీసే సర్జన్ అడిగితే స్కాన్ తీద్దాం, పిల్లాడికి ఊరికే రేడియేషన్ ఎందుకు" అన్నారు. వారం తర్వాత సర్జన్ అడిగారు. పైదవడ ముందుభాగం వరకే తీశారు. ఆ పన్ను అంగిలి వైపు ఉందని అందులో తేలింది.

లోపాలూ ఉన్నాయి. పదింటికి రమ్మని పదకొండున్నరకి పిలిచారు. త్రీడీ స్కాన్ సీడీలో ఇచ్చారు, మా ఇంట్లో అది తెరిచే కంప్యూటరే లేదు. మూడుసార్లు ఫోన్ చేస్తే గాని బొమ్మలు వాట్సాప్‌లో రాలేదు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఉదయం మొదటి టైమే అడగండి.

పోయిన నెల ఆ పన్ను తీసేశారు. ఎడమ పన్ను దానంతటదే దిగడానికి నెలలు పట్టొచ్చన్నారు. వాడు రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి, చిగురు మీద వేలు పెట్టి "అమ్మా, గట్టిగా తగులుతోంది, చూడు" అంటున్నాడు.